కుస్తీ బరి నుంచి మళ్లీ మైదానానికి: బ్రాంకో నగుర్‌స్కీ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని పూర్వ విద్యార్థుల సంఘం మిత్రులు అడిగారు. ఈ బడి మైదానంలో విజిల్ ఊదుతూ ఉద్యోగ జీవితమంతా గడిపినవాణ్ణి, ఆటల గురించి తప్ప నాకేం తెలుసు? అందుకే ఒక ఆటగాడి కథ రాస్తానన్నాను. మన దేశంలో ఆయన పేరు విన్నవాళ్లు తక్కువే. అమెరికాలో మాత్రం ఆటలంటే ఇష్టమున్న పాతతరం వారందరికీ తెలిసిన పేరు, బ్రాంకో నగుర్‌స్కీ. ఆయన కథే ఎందుకు ఎంచుకున్నానో చివర్లో చెబుతాను.

ముందు రెండు మాటలు చెప్పాలి. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చంకలో పెట్టుకుని, ఎదుటి జట్టు వాళ్లను గుద్దుకుంటూ గీత దాటించే అమెరికన్ ఫుట్‌బాల్. జట్టుకు పదకొండు మంది. ఆ రోజుల్లో తోలు టోపీలే రక్షణ. ఇక ఆయన చేసిన కుస్తీ కూడా మన తాలింఖానాల్లో పట్టే కుస్తీ కాదు. టిక్కెట్లు పెట్టి, ఎవరు గెలవాలో నిర్వాహకులు చాలావరకు ముందే నిర్ణయించి ఆడించే ప్రదర్శన. అయినా కింద పడితే దెబ్బ దెబ్బే కదా.

నగుర్‌స్కీ 1908 నవంబరు 3న కెనడాలోని రెయినీ రివర్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తల్లిదండ్రులు తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చినవారు. ఆయన పసితనంలోనే కుటుంబం సరిహద్దు దాటి అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తరపు అంచున ఉన్న ఇంటర్నేషనల్ ఫాల్స్‌కు చేరింది. అసలు పేరు బ్రోనిస్లావ్. బడిలో చేర్చిన రోజున తల్లి యాస అర్థంకాక టీచరమ్మ బ్రాంకో అని రాసుకుందని, అదే స్థిరపడిపోయిందని చెబుతారు. రిజిస్టరులో మనం రాసిన పేర్లతోనే బతుకంతా గడుపుతున్నవాళ్లు మన బడిలోనూ ఉన్నారు కాబట్టి ఈ కథ నాకు నమ్మబుద్ధి అవుతుంది.

పొలం పని, కలప పనితో పెరిగిన శరీరం అది. ఊరి హైస్కూలు జట్టులో ఆడిన రెండేళ్లూ ఆ జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదట. చివరి ఏడాది వేరే ఊరి బడికి మారితే, బడి మారాడన్న కారణంతో అక్కడ ఆడనివ్వలేదు. అలాంటి కుర్రాణ్ణి మిన్నెసోటా విశ్వవిద్యాలయం కోచ్ ఎలా కనిపెట్టాడన్న దానిమీద ఒక సరదా కథ ఉంది. పొలం దున్నుతున్న కుర్రాణ్ణి ఆయన దారి అడిగితే, నాగలిని ఒంటిచేత్తో ఎత్తి అటు అని చూపించాడట. ఇది కట్టుకథేనని అందరికీ తెలుసు, అయినా చెప్పడం మానలేదు.

విశ్వవిద్యాలయంలో 1927 నుంచి 1929 దాకా ఆడాడు. 1928లో వెన్నుపూస చిట్లితే నడుముకు గట్టి పట్టీ బిగించుకుని విస్కాన్సిన్ మీద ఆడి, ఆ మ్యాచ్‌లో పడిన ఒకే ఒక్క టచ్‌డౌన్ తానే చేశాడు. 1929లో బంతి పట్టుకుని దూసుకెళ్లే ఫుల్‌బ్యాక్‌గానూ, ముందు వరుసలో అడ్డుకునే టాకిల్‌గానూ రెండు స్థానాల్లో దేశంలోని మేటి ఆటగాళ్ల జాబితాకెక్కాడు. మన కబడ్డీలో చెప్పాలంటే, కూతకు వెళ్లడంలోనూ పట్టు పట్టడంలోనూ ఒకడే మేటి అన్నమాట.

1930లో షికాగో బేర్స్ అనే వృత్తి జట్టులో చేరాడు. యజమాని జార్జ్ హలాస్. ఏడాదికి 5,000 డాలర్లు. అయితే అది మహామాంద్యం కాలం. టిక్కెట్లు కొనేవాళ్లు తగ్గారు, జట్టు చేతిలో డబ్బు లేదు. ఆట పెరుగుతున్నా జీతం తరుగుతూ 1932 నాటికి 3,700కు దిగింది. ఆ ఏడాదే మంచు తుఫాను వల్ల పోటీని షికాగోలో ఇండోర్ స్టేడియంలో జరిపితే, నగుర్‌స్కీ పరుగెత్తబోతున్నట్టు కనిపించి హఠాత్తుగా విసిరిన బంతిని రెడ్ గ్రేంజ్ అందుకుని టచ్‌డౌన్ చేశాడు. తగినంత వెనక నుంచి విసరలేదని ఎదుటి జట్టు గొడవ పెట్టింది. మరుసటి ఏడాది ఆ నిబంధనే మార్చేశారు. 1933లో జరిగిన తొలి అధికారిక చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో బేర్స్ న్యూయార్క్ జెయింట్స్‌ను 23-21తో ఓడించింది. అందులో రెండు టచ్‌డౌన్లు నగుర్‌స్కీ విసిరిన బంతులతో వచ్చాయి.

దేశమంతా మెచ్చుకునే ఆటగాడికి ఇల్లు గడిచే దారి మాత్రం ఇరుకైంది. అందుకే 1933లోనే కుస్తీ బరిలోకి దిగాడు. కొన్నేళ్లు రెండు పడవల మీద కాళ్లు పెట్టాడు. 1937లో ఒక మూడు వారాల్లో ఐదు ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఆడి, ఎనిమిది చోట్ల కుస్తీ పట్టాడు. పడమటి తీరాన వాంకూవర్, లాస్ ఏంజెలస్ మొదలు తూర్పున ఫిలడెల్ఫియా దాకా ఆ ఊళ్లను పటంలో చూస్తే ఆ మనిషి ఎప్పుడు పడుకున్నాడో అర్థం కాదు. ఆ జూన్ 29న మిన్నియాపొలిస్‌లో డీన్ డెటన్‌ను ఓడించి హెవీవెయిట్ ప్రపంచ చాంపియన్ అనిపించుకున్నాడు. ఆ సీజన్ ముగిశాక 6,000 డాలర్లు ఇవ్వమని అడిగితే హలాస్ ఒప్పుకోలేదు. నగుర్‌స్కీ ఫుట్‌బాల్ వదిలేశాడు. అప్పటికి ఆయనకు 29 ఏళ్లు.

తరువాత వరుసగా కుస్తీలే. 1939లో లూ థెజ్‌ను ఓడించి మరో ప్రపంచ టైటిల్ గెలిచాడు. పోగొట్టుకుని 1941లో మళ్లీ గెలిచాడు. అయినా ఆ పని మీద తనకు మోజు లేదని, సంసారం నడపాలి కాబట్టి చేశానని తరువాతి కాలంలో ఆయనే దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. ఇష్టమైన ఆట కూడు పెట్టలేదు, కూడు పెట్టిన ఆట ఇష్టం కాలేదు.

ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. కుర్రాళ్లంతా సైన్యంలోకి వెళ్లారు. హలాస్ కూడా నౌకాదళంలో చేరాడు. జట్లకు మనుషులు దొరకని పరిస్థితి. పాత దెబ్బల వల్ల సైన్యానికి పనికిరాని నగుర్‌స్కీకి 1943లో బేర్స్ నుంచి కబురొచ్చింది. ఆరేళ్లుగా కుస్తీలు పడుతున్న, 35 ఏళ్లకు దగ్గరపడిన మనిషి మళ్లీ ఫుట్‌బాల్ బూట్లు వేసుకున్నాడు. పరుగులు తీయనక్కర్లేదు, ముందు వరుసలో అడ్డుకుంటే చాలన్నారు. సీజన్ అంతా అదే చేశాడు.

లీగ్ చివరి మ్యాచ్‌లో అదే ఊరి కార్డినల్స్ మీద, చివరి పావు భాగం మొదలయ్యేసరికి బేర్స్ 24-14తో వెనకబడి ఉంది. గెలవకపోతే ఫైనల్ చేజారే ప్రమాదం. అప్పుడు నగుర్‌స్కీని పాత స్థానంలోకి, ఫుల్‌బ్యాక్‌గా పంపారు. ఎవరు వస్తున్నారో, బంతి ఎవరి చేతికి వెళ్తుందో ఎదుటివాళ్లకు తెలుసు. అయినా ఆపలేకపోయారు. ఆయన టచ్‌డౌన్ చేశాడు, జట్టు 35-24తో గెలిచింది. డిసెంబరు 26న ఫైనల్లో వాషింగ్టన్‌ను 41-21తో ఓడించారు. అందులోనూ ఆయన ఒక టచ్‌డౌన్ చేశాడు. అక్కడితో వృత్తి ఫుట్‌బాల్‌కు శాశ్వతంగా సెలవు చెప్పాడు.

కుస్తీలు 1950ల్లోనూ సాగాయి. ఆ తరువాత సొంత ఊళ్లో పెట్రోలు బంకు నడుపుకున్నాడు. ఆయన బిగించిన ట్యాంకు మూత ఇంకెవరికీ రాదు కాబట్టి బేరాలన్నీ మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవని ఊరివాళ్లు నవ్వుకునేవారు. 1963లో వృత్తి ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదలైనప్పుడు తొలి పదిహేడు మందిలో ఆయనొకడు. 1990 జనవరి 7న ఇంటర్నేషనల్ ఫాల్స్‌లోనే కన్నుమూశాడు. ఒక్క మ్యాచ్ గెలవని జట్టులో ఆయన ఆడిన ఆ ఊరి హైస్కూలు జట్లు ఇప్పుడు బ్రాంకోస్ అనే పేరుతోనే ఆడుతున్నాయి.

ఇక ఈ కథే ఎందుకంటే, మన బడి కబడ్డీ జట్టుకు ఒకప్పుడు నాయకుడిగా ఉన్న ఒక కుర్రాడు రాష్ట్ర శిక్షణ శిబిరానికి ఎంపికై కూడా వెళ్లలేదు. తండ్రి మంచం పట్టడంతో లారీ క్లీనరుగా చేరాడు. ఆటను అమ్ముకున్నావురా అని పదిమందిలో కసిరాను. చాలాకాలం అతనితో మాట్లాడలేదు కూడా. నేను రిటైరవడానికి ముందు ఏడాది, మన పిల్లలకు పట్లు నేర్పేవాళ్లు లేరని విని అతను తనంతట తానే వచ్చాడు. లారీకి సెలవు దొరికిన ప్రతి ఆదివారం వచ్చేవాడు. ఆ పాత మాట నేనూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

నగుర్‌స్కీ గురించి చదివినప్పుడల్లా నాకు అతనే గుర్తొస్తాడు. కడుపు కోసం మైదానం వదిలినవాడు ఆటకు ద్రోహం చేసినట్టు కాదని నాకు తెలిసేసరికి ఆలస్యమైంది. స్వర్ణోత్సవానికి అతను వస్తున్నాడని సంఘం వారు చెప్పారు. వచ్చాక ఎదురుగా చెబుతాను. ఈలోగా ఎక్కడ పదిమందిలో కసిరానో, ఆ పదిమందీ చదివే ఈ సంచికలోనే చెబుతున్నాను: ఆ రోజు తప్పు నాదే నాయనా.