తీగలను మెలిపెట్టిన మేధావి గ్రాహంబెల్: 1881 నాటి ఆలోచనే నేటి ఈథర్నెట్ కేబుల్‌కు ఆధారం

బారిడీహ్ (జంషెడ్‌పూర్): ఉక్కు నగరం జంషెడ్‌పూర్ తూర్పు భాగాన ఉన్న బారిడీహ్‌లో నివాస గృహాలతో పాటు దుకాణాలు, పాఠశాలలు, ఒక వైద్య కళాశాల కూడా ఉన్నాయి. ఇటువంటి చోట ఏ భవనంలో వేగవంతమైన నెట్‌వర్క్ ఏర్పాటు చేయాలన్నా ముందుగా ఒక ప్రశ్న ఎదురవుతుంది. లోహపు తొడుగు గల షీల్డెడ్ కేబుల్ కొనాలా, తొడుగు లేని అన్‌షీల్డెడ్ కేబుల్ సరిపోతుందా? రెండింటిలో దేని పైపొర ఒలిచినా లోపల ఎనిమిది రాగి తీగలు నాలుగు జంటలుగా మెలిపడి కనిపిస్తాయి. ఆ మెలికకు 1881లో అమెరికాలో పేటెంట్ పొందిన వ్యక్తి, టెలిఫోన్ సృష్టికర్తగా ప్రపంచమెరిగిన అలెగ్జాండర్ గ్రాహంబెల్. ఆ మెలిక ఎందుకు అవసరమైందో తెలిస్తే తొడుగు ఎప్పుడు అవసరమో కూడా తెలుస్తుంది.

రాగి ఈ ప్రాంతానికి కొత్త కాదు. జంషెడ్‌పూర్ ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోనే ఘాట్‌శిలా, ముసాబని రాగి గనులు ఉన్నాయి. నగరంలోని గోల్‌మురిలో 1920లో ఇండియన్ కేబుల్ కంపెనీ ఏర్పడింది. గ్రాహంబెల్ అప్పటికి జీవించే ఉన్నారు. ఉక్కు కర్మాగారంలో ఉపాధి కోసం వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పేర్లన్నీ సుపరిచితాలే.

శబ్దంతో ముడిపడిన బాల్యం

గ్రాహంబెల్ 1847 మార్చి 3న స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జన్మించారు. తండ్రి అలెగ్జాండర్ మెల్విల్ బెల్ ఉచ్చారణ శాస్త్రంలో పండితుడు. నోటి నుంచి వెలువడే ప్రతి ధ్వనికీ ఒక గుర్తును కేటాయిస్తూ ఆయన ప్రత్యేక లిపిని రూపొందించారు. తల్లి ఎలిజా దాదాపు పూర్తిగా వినికిడి కోల్పోయారు. బాలుడైన బెల్ ఆమె నుదుటికి దగ్గరగా నోరుంచి మెల్లని స్వరంతో మాట్లాడేవారు. ధ్వని చెవికి మాత్రమే చెందినది కాదని, అది ప్రయాణించే కంపనమని ఆయన ఇంట్లోనే గ్రహించారు.

క్షయవ్యాధి ఆ కుటుంబాన్ని కుంగదీసింది. సోదరులిద్దరూ కొద్ది సంవత్సరాల వ్యవధిలో మరణించారు. మిగిలిన ఒక్క కుమారుడినైనా కాపాడుకోవాలని తల్లిదండ్రులు 1870లో కెనడాకు వలస వెళ్లి, ఒంటారియోలోని బ్రాంట్‌ఫర్డ్‌లో నివాసం ఏర్పరచుకున్నారు. మరుసటి సంవత్సరం బెల్ బోస్టన్ చేరి, బధిర విద్యార్థులకు బోధించే ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. 1873లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లభించింది. ఆయన వద్ద మాట నేర్చుకున్న వారిలో మేబెల్ హబ్బర్డ్ ఒకరు. ఐదేళ్ల వయసులో జ్వరం కారణంగా వినికిడి కోల్పోయిన ఆమెను బెల్ 1877 జూలైలో వివాహమాడారు.

టెలిఫోన్ జననం, వివాదాలు

ఒకే తీగపై ఏకకాలంలో పలు టెలిగ్రాఫ్ సందేశాలు పంపే పద్ధతి కోసం ఆనాడు అనేకులు పోటీపడ్డారు. మేబెల్ తండ్రి గార్డినర్ హబ్బర్డ్, మరొక విద్యార్థి తండ్రి థామస్ సాండర్స్ ఈ ప్రయోగాలకు బెల్‌కు ధనసహాయం చేశారు. ఆ పరిశోధనే మాటను తీగ వెంట పంపే ఆలోచనకు దారితీసింది. 1876 ఫిబ్రవరి 14న ఆయన తరఫున పేటెంట్ దరఖాస్తు దాఖలైంది. అదే రోజున ఎలీషా గ్రే అనే మరో ఆవిష్కర్త కూడా తన ఆలోచనను నమోదు చేయించారు. మార్చి 7న 174465 సంఖ్యతో బెల్‌కు పేటెంట్ మంజూరైంది. మూడు రోజుల అనంతరం పక్క గదిలోని సహాయకుడు థామస్ వాట్సన్‌కు ఆయన మాట తీగ ద్వారా స్పష్టంగా వినిపించింది. ఆ పేటెంట్‌పై వందలాది వ్యాజ్యాలు నడిచాయి. 1888లో అమెరికా సుప్రీంకోర్టు బెల్ పక్షాన తీర్పు చెప్పింది. అయినా గ్రే, ఆంటోనియో మెవుచీల వాటా గురించిన చర్చ నేటికీ ముగియలేదు.

తీగలో మాటతో పాటు వచ్చిన రొద

టెలిఫోన్ వ్యాపారం మొదలైన వెంటనే కొత్త సమస్య తలెత్తింది. టెలిగ్రాఫ్ విధానాన్నే అనుసరించి టెలిఫోన్‌కు ఒకే తీగ వేసేవారు. విద్యుత్తు తిరిగి రావడానికి భూమినే మార్గంగా వాడుకునేవారు. టెలిగ్రాఫ్‌కు ఇది చాలినా, అత్యంత సున్నితమైన టెలిఫోన్‌కు చాలలేదు. పక్క స్తంభాలపై సాగే టెలిగ్రాఫ్ సంకేతాలు, ఇతరుల సంభాషణలు, మెరుపుల చిటపటలు అన్నీ వినిపించేవి. వాట్సన్ రాత్రివేళ ఖాళీ తీగకు చెవి ఒగ్గి ఆ వింత శబ్దాలను ఆలకించేవారు. తరువాతి దశాబ్దంలో విద్యుత్ ట్రామ్‌లు రావడంతో ఈ రొద భరించరానిదైంది.

దీనికి బెల్ చూపిన పరిష్కారమే 1881 జూలై 19న వెలువడిన 244426వ సంఖ్య పేటెంట్. పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి చొప్పున రెండు తీగలు వేసి, వాటిని ఒకదానితో ఒకటి మెలిపెట్టాలన్నది అందులోని సారం. మెలిక కారణంగా రెండు తీగలూ బయటి ప్రభావానికి వంతులవారీగా దగ్గరవుతూ, దూరమవుతూ ఉంటాయి. అందువల్ల రొద రెండింటిపైనా సమానంగా పడుతుంది. వినికిడి పరికరం గ్రహించేది రెండు తీగల మధ్య ఉన్న తేడాను మాత్రమే. సమానంగా పడిన రొద ఆ తేడాలో రద్దయిపోతుంది. మాట మాత్రం మిగులుతుంది.

ఆ వేసవిలోనే బెల్‌కు అంతరాయం అనే శత్రువు మరో రూపంలో ఎదురైంది. జూలై 2న దుండగుడి కాల్పుల్లో గాయపడిన అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్ దేహంలోని తూటాను కనుగొనడానికి ఆయన విద్యుత్ పరికరాన్ని సిద్ధం చేశారు. ప్రయోగాల్లో పనిచేసిన ఆ పరికరం అధ్యక్షుడి పడక వద్ద తడబడింది. పరుపులోని ఉక్కు స్ప్రింగులు దానిని తప్పుదోవ పట్టించాయి. తూటా కుడివైపున ఉందని నమ్మిన వైద్యులు ఆ వైపే వెదకనిచ్చారు. అసలు తూటా ఎడమవైపున ఉంది. గార్ఫీల్డ్ సెప్టెంబరు 19న మరణించారు. మధ్యలో ఆగస్టులో బెల్ దంపతులకు పుట్టిన మగశిశువు శ్వాస అందక కన్నుమూశాడు. ఆ దుఃఖంలో బెల్ కృత్రిమ శ్వాస అందించే లోహపు కవచం ఒకటి రూపొందించారు.

తొడుగు మార్గం హెవిసైడ్‌ది

రొదను అడ్డుకోవడానికి రెండో మార్గం తీగ చుట్టూ లోహపు గోడ కట్టడం. ఇంగ్లండ్‌కు చెందిన ఆలివర్ హెవిసైడ్ 1880లోనే ఒక తీగను మరో లోహపు గొట్టం మధ్యలో ఉంచే కోయాక్సియల్ కేబుల్‌కు పేటెంట్ పొందారు. బాల్యంలో జ్వరం వల్ల వినికిడి దెబ్బతిన్న ఆయన పాఠశాల చదువుతోనే ఆగి, గణితాన్ని స్వయంగా అభ్యసించారు. ఇలా ఏడాది తేడాతో రెండు సమాధానాలు లోకానికి అందాయి. మెలిక రొదను రద్దు చేస్తుంది. తొడుగు రొదను బయటే ఆపుతుంది.

ఈథర్నెట్ ఈ రెండు దారులలోనూ నడిచింది. 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో అది కోయాక్సియల్ కేబుల్‌పై మొదలైంది. 1990లో సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో మెలిక జంటలకు మారింది. 1999లో ఒక గిగాబిట్, 2006లో 10 గిగాబిట్ల ప్రమాణాలు కూడా మెలిక జంటలపైనే వచ్చాయి. ఒకే కేబుల్‌లోని నాలుగు జంటలు పరస్పరం ఆటంకపరచుకోకుండా ఒక్కో జంటకు ఒక్కో సాంద్రతతో మెలిక వేస్తారు.

ఏది ఎక్కడ తగును?

ఇళ్లు, పాఠశాలలు, చిన్న కార్యాలయాల్లో ఒక గిగాబిట్ వేగానికి తొడుగు లేని క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 కేబుల్ 100 మీటర్ల వరకు చాలు. కరెంటు తీగలకు కొంత దూరంగా వేసి, దాటవలసిన చోట అడ్డంగా దాటిస్తే బెల్ మెలికే రక్షణ కల్పిస్తుంది. 10 గిగాబిట్ల వద్ద పరిస్థితి మారుతుంది. క్యాట్ 6 ఆ వేగాన్ని సుమారు 55 మీటర్ల వరకే మోయగలదు. పూర్తి 100 మీటర్లకు క్యాట్ 6ఏ అవసరం. పదుల కేబుళ్లను కట్టగా కట్టినప్పుడు ఒక కేబుల్ రొద పక్క కేబుల్‌లోకి చొరబడుతుంది. ఒక కేబుల్‌లోని మెలిక పక్క కేబుల్‌లోని మెలికతో సరిపోలినప్పుడు ఈ రొద పూర్తిగా రద్దు కాదు. అక్కడ తొడుగు అక్కరకొస్తుంది. పెద్ద మోటార్లు, వాటి వేగాన్ని నియంత్రించే డ్రైవ్‌లు, వెల్డింగ్ యంత్రాలు పనిచేసే చోట కూడా షీల్డెడ్ కేబుల్ వైపు మొగ్గడమే వివేకం. కర్మాగారాల నగరంలో అటువంటి చోట్లకు కొదవ లేదు.

అయితే తొడుగుకు ఒక షరతు ఉంది. అది జాక్, ప్యాచ్ ప్యానెల్, ర్యాక్ మీదుగా ఎక్కడా తెగకుండా సాగి ఎర్తింగ్‌కు చేరాలి. ఎర్తింగ్ లేని తొడుగు రొదను ఆపకపోగా యాంటెనాలా దానిని పోగుచేయవచ్చు. ఎర్తింగ్ సరిగా లేని భవనంలో ఎక్కువ ధర పెట్టి షీల్డెడ్ కేబుల్ వేయడం కన్నా, నాణ్యమైన అన్‌షీల్డెడ్ కేబుల్‌ను జాగ్రత్తగా వేయడం మేలు. ఏ రకమైనా లోపల ఉన్నది అసలైన రాగి కావాలి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు చవకగా లభించినా ప్రమాణాలకు నిలవవు. రెండు వేర్వేరు భవనాలను కలిపేటప్పుడు వాటి ఎర్తింగ్‌ల మధ్య వోల్టేజీ తేడా ఉంటే తొడుగులోనే విద్యుత్తు ప్రవహించే ప్రమాదం ఉంది. అక్కడ రాగిని వదిలి ఆప్టికల్ ఫైబర్‌ను ఎంచుకోవాలి.

కాంతి మీద మాటను పంపే ఆ ఆలోచన కూడా బెల్‌కు కొత్త కాదు. 1880లో సహచరుడు చార్లెస్ టెయింటర్‌తో కలిసి ఆయన సూర్యకిరణం ద్వారా మాటను 200 మీటర్లకు పైగా దూరం చేరవేశారు. ఫోటోఫోన్ అనే ఆ పరికరాన్ని ఆయన టెలిఫోన్ కన్నా గొప్పదిగా భావించారు. మబ్బు పడితే ఆగిపోయే ఆ విధానం నాడు వాడుకలోకి రాలేదు.

చివరి దశాబ్దాలు

టెలిఫోన్ తెచ్చిన సంపదతో బెల్ అనేక రంగాల్లో కృషి చేశారు. చూపు, వినికిడి రెండూ కోల్పోయిన బాలిక హెలెన్ కెల్లర్ తల్లిదండ్రులకు దారి చూపారు. నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీకి అధ్యక్షత వహించారు. ఆయన బృందం నిర్మించిన సిల్వర్ డార్ట్ విమానం 1909లో కెనడాలో ఎగిరింది. బధిరులకు సంజ్ఞా భాష బదులు మాటనే నేర్పాలని ఆయన పట్టుబట్టడం మాత్రం తీవ్ర విమర్శకు గురైంది. ఆ విధానం తమ భాషను దెబ్బతీసిందని బధిర సమాజం నేటికీ భావిస్తోంది. తల్లి, భార్య ఇద్దరూ వినలేనివారే అయిన వ్యక్తి జీవితంలో ఇదొక వైరుధ్యం.

బెల్ 1922 ఆగస్టు 2న కెనడాలోని నోవాస్కోషియాలో తన స్వగృహంలో తుదిశ్వాస విడిచారు. అంత్యక్రియల వేళ ఉత్తర అమెరికా టెలిఫోన్ వ్యవస్థ ఒక నిమిషం పాటు మౌనం పాటించింది. తరువాత కొన్నేళ్లకు టెలిఫోన్ ఇంజినీర్లు తీగలో సంకేతం ఎంత క్షీణించిందో కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు. అదే బెల్, అందులో పదో వంతు డెసిబెల్. కేబుల్ వేయడం పూర్తయ్యాక సాంకేతిక నిపుణుడు పరీక్షా యంత్రాన్ని తగిలించినప్పుడు ఒక జంట రొద మరో జంటలోకి ఎంత చేరిందో డెసిబెల్‌లలోనే తెరపై కనిపిస్తుంది. షీల్డెడ్ అయినా, అన్‌షీల్డెడ్ అయినా ఆ అంకెలు ప్రమాణానికి సరిపోయాకే పనికి బిల్లు చెల్లించడం మంచిది.