తుఫానులో ఓడ – మన గణపతిదేవుడు

మన ఓరుగల్లుకు సముద్రం చాలా దూరం. మాలో చాలామందిమి ఇంటర్ అయ్యేదాకా సముద్రాన్ని సినిమాల్లోనే చూశాం. ఓడ బొమ్మను మాత్రం సోషల్ పుస్తకంలో శాతవాహనుల నాణెం మీద చూశాం. రెండు తెరచాప కొయ్యలున్న ఆ ఓడ వ్యాపారానికి, సంపదకు గుర్తు. 17వ శతాబ్దంలో డచ్చి చిత్రకారులు గీసిన తుఫాను ఓడలు వేరు. అక్కడ ఓడంటే గాలికి చిక్కిన మనిషి బతుకు. వారికి నాలుగు వందల ఏళ్ళ ముందే అలాంటి ఓడను రాతి మీద అక్షరాల్లో నిలిపినవాడు కాకతీయ గణపతిదేవుడు.

ఆయన జీవితమే ఒడ్డు తప్పిన ఓడలా మొదలైంది. తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధంలో మరణించాడు. గణపతి శత్రువులకు బందీగా చిక్కాడు. ఇక్కడ రాజ్యాన్ని సేనాని రేచర్ల రుద్రుడు కాపాడాడు (1213లో రామప్ప గుడి కట్టించింది ఆయనే). యాదవరాజు జైతుగి విడిచిపెట్టగా 1199లో గణపతిదేవుడు సింహాసనం ఎక్కి, అరవై ఏళ్ళకు పైగా పాలించాడు. తీరాంధ్రను గెలిచాడు. జాయప తోబుట్టువులు నారమ్మ, పేరమ్మలను పెళ్ళాడి, జాయపను తన గజసేనకు అధిపతిని చేశాడు. నృత్తరత్నావళి రాసింది ఈ జాయపే.

తీరంతోపాటు మోటుపల్లి రేవు కూడా చేతికి వచ్చింది. అది ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉంది. తుఫానుకు దారితప్పి, పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ రాజులు లాక్కోవడం అంతవరకు ఉన్న పద్ధతి. ప్రాణాలతో బయటపడ్డ వర్తకుడు కట్టుబట్టలతో మిగిలేవాడు. సముద్రం సగం దోస్తే మిగిలింది రాజు దోచినట్టు!

గణపతిదేవుడు 1244-45లో అభయశాసనం వేయించి దీన్ని మాన్పించాడు. నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని మాట ఇచ్చాడు. ఎగుమతులకైనా దిగుమతులకైనా ముప్పైలో ఒక వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు వంటి సరుకులకు రేట్లు కూడా చెక్కించాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీదికి వెళ్ళేవాడికి సొమ్ము ప్రాణం కంటే ఎక్కువని ఆ శాసనం ఒప్పుకుంది. ఓడలు వస్తే ఖజానాకూ లాభమే, ఆ లెక్క లేకపోలేదు. అయినా ఒకప్పుడు పరాయి ఒడ్డున బందీగా పడి ఉన్న కుర్రవాడు ఆ ఆజ్ఞలో మాకు కనిపిస్తాడు. ఇది మా ఊహే, శాసనంలో లేదు.

చివరి రోజుల్లో ముత్తుకూరు దగ్గర పాండ్యుల చేతిలో ఓడిపోయాడు. అప్పటికే రాజ్యభారం కూతురు రుద్రమదేవికి అప్పగించాడు.

మొన్న కోటకు వెళ్ళినప్పుడు కీర్తితోరణాలన్నీ ఓడ కోసం వెతికాం. హంసలున్నాయి, మకరాలున్నాయి. ఓడ కనిపించలేదు. అది మోటుపల్లి వీరభద్రుని గుడి దగ్గర, శాసన స్తంభం మీది అక్షరాల్లో ఉంది. వచ్చే సెలవుల్లో వెళ్దామని అనుకుంటున్నాం.