డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

పిట్లములోను, ఆ చుట్టుపట్ల బాన్సువాడ ప్రాంతపు పల్లెలలోను ఆరోగ్య కార్యకర్తలు గర్భిణులకు ఎఱ్ఱని మాత్రలు పంచుదురు. ఒక్కొక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుమును, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును ఉండును. ఇనుమును గూర్చి అందఱును ఎఱుగుదురు. రెండవదానిని ప్రయోగశాలలో నిర్మించిన బృందమునకు నాయకుడు ఆంధ్రుడని ఎఱిగినవారు కొలదిమంది. కావుననే ఆయన చరిత్రమును పాఠకులకు నివేదింపదలచితిమి.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. వారి సోదరు లిరువురు కొలది దినముల యెడములో ఒకే వ్యాధికి బలియైరి. ఆంగ్ల వైద్యులు దానిని స్ప్రూ అనిరి. మన వైద్యుల సంగ్రహణి వంటిది. ఈ వ్యాధియందు అన్నము లేక కాదు, తిన్నది ఒంటబట్టక మనుష్యుడు కృశించును. ప్రేవులు పోషకములను గ్రహింపజాలవు, నెత్తురు పలుచనగును. కడుపు నిండినచో చాలునని తలచుట మనకు వాడుక. అన్నమువలన శక్తియు, పప్పువలన మాంసకృత్తులును లభించినను, శరీరము తనంతట నిర్మించుకొనజాలని విటమినులు రవంతయైనను ఆహారమునుండి రావలెను.

మదరాసు వైద్య కళాశాలలో చదువుచుండగా ఆయన గాంధీజీ పిలుపు నాలకించి ఖద్దరు ధరించిరి. శస్త్రచికిత్సాచార్యునికి కోపము వచ్చెను. ఎం.బి.బి.ఎస్. రావలసినచోట ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. నూలుబట్టకు వైద్యవిద్యతో ఏమి వైరమో మాకు నేటికిని బోధపడదు! 1920 దశకపు ఆరంభమున బోస్టను చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ చిన్నపనులు చేసి పొట్టపోసికొనుచు, హార్వర్డులో పరిశోధన సాగించిరి. ఫిస్కెతో కలిసి 1925లో ఆయన ప్రకటించిన భాస్వర పరిమాణ నిర్ణయ పద్ధతి ప్రపంచమంతట వ్యాపించెను.

అప్పటికి ఫోలిక్ ఆమ్లమునకు పేరైనను లేదు. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అను ఆంగ్లవనిత, పేద గర్భిణుల రక్తహీనత ఈస్టు సారమువలన కుదురుటను కనుగొనెను. 1941లో పాలకూరనుండి ఆ పదార్థమును వేరుపఱచి, ఆకు అనునర్థముగల లాటిను పదముతో పేరిడిరి. పిట్లము పెరళ్ళలోని తోటకూరయందును, పెసలయందును, శనగలయందును అది కలదు. అయితే వేడికి కొంత నశించును. ఉడికించిన నీరు పారబోసిన మఱికొంత పోవును. ఇల్లాండ్రు ఈ సంగతి గమనింతురుగాక.

1940లో లెడర్లీ సంస్థలో ప్రవేశించిన సుబ్బారావుగారు కాలేయమందలి రక్తవర్ధక ద్రవ్యమును వెదకుచుండిరి. వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ నిర్మించెను. స్ప్రూ రోగులు దానివలన కోలుకొనిరి. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు ఆయన చేతికి వచ్చునప్పటికి వారు గతించి పాతికేండ్లాయెను. అయినను వెదకినది వేరు, దొరకినది వేరు. పెర్నీషియస్ అను ఘోర రక్తహీనతలో నెత్తురు బాగుపడినను నరముల క్షయము ఆగలేదు. దానికి కావలసిన బి-12 విటమిను 1948లో అన్యులకు దొరకెను. ఇందుచే ఆయన ఘనత తగ్గినదని మేము తలపము. గర్భధారణకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లము వాడినచో శిశువుల వెన్నుపాము లోపములు చాలవఱకు తప్పునని 1991లో బ్రిటిషు పరిశోధకులు రుజువుచేసిరి.

బోదకాలు క్రిమికి హెట్రజాను, అంటురోగములకు ఆరియోమైసిను, ఇవియు ఆయన ప్రయోగశాలనుండి వెలువడినవే. 1948 ఆగస్టులో, 53వ యేట, న్యూయార్కులో ఆకస్మికముగ మరణించిరి. సముద్రము దాటినది మొదలు ఆయన మరల స్వదేశమునకు రాలేదు. భార్య శేషగిరిగారు ఇచ్చటనే యుండిపోయిరి.