నాలుగు సిరాల్లో మన జిల్లా చిత్రకారుడు వడ్డాది పాపయ్య

ఈ సంచిక అట్ట రంగుల్లో వేయించాలా, ఒకే రంగుతో సరిపెట్టుకోవాలా అని మేము చాలా రోజులు చర్చించుకున్నాము. ప్రెస్సుకు వెళ్ళి అడిగితే రంగుల అట్టకు ఒక ప్లేటు చాలదు, నాలుగు కావాలన్నారు. ఎన్ని రంగులున్న బొమ్మ అయినా నాలుగు సిరాలతోనే అచ్చవుతుందని అప్పుడే మాకు తెలిసింది. ఆ సిరాల ద్వారానే తెలుగువారి ఇళ్ళకు చేరిన మన జిల్లా చిత్రకారుని గురించి ఈ నాలుగు మాటలు.

మన నరసన్నపేటకు పాతిక కిలోమీటర్ల లోపే ఉన్న శ్రీకాకుళంలో వడ్డాది పాపయ్య గారు 1921 సెప్టెంబరు 10న జన్మించారు. తండ్రి రామమూర్తి గారు డ్రాయింగు మాస్టారు. పాపయ్య గారికి మొదటి గురువు ఆయనే. చిన్ననాడు రవివర్మ చిత్రం చూసి బొమ్మల మీద మక్కువ పెంచుకున్నారని చెబుతారు. రవివర్మ బొమ్మలు సామాన్యుల గోడలకెక్కింది కూడా అచ్చు వల్లనే. 1894లో రవివర్మ బొంబాయిలో పెట్టిన ప్రెస్సులో ఒక్కో రంగుకు ఒక్కో రాయి వాడేవారు. రంగులు పెరిగితే రాళ్ళూ పెరిగేవి.

పాపయ్య గారు కశింకోటలో డ్రాయింగు మాస్టారుగా పని చేశారు. బడి పని చేసుకుంటూనే నీటి రంగులతో పురాణ దృశ్యాలు, పల్లె పడుచులు, ఋతువులు, రాగాలు చిత్రించారు. చందమామ, యువ పత్రికల ముఖచిత్రాలు ఆయనకు ఎనలేని పేరు తెచ్చాయి. బొమ్మ మూలన వ.పా. అని కనిపిస్తే చాలు, పాఠకులు ఆగి చూసేవారు. ఆయన గీసింది మన ఉత్తరాంధ్రలో, చందమామ అచ్చయింది మద్రాసులో.

మరి ఆ లేత రంగులు అచ్చులోకి ఎలా వచ్చేవి? ఆ రోజుల్లో బొమ్మను మూడు రంగుటద్దాల గుండా మూడుసార్లు ఫోటో తీసేవారు. ఎర్ర అద్దం నెగటివ్ నుంచి సియాన్ అనే నీలి సిరా ప్లేటు, ఆకుపచ్చ అద్దం నుంచి మెజెంటా అనే గులాబి సిరా ప్లేటు, నీలం అద్దం నుంచి పసుపు సిరా ప్లేటు తయారయ్యేవి. మూడు సిరాలూ కలిస్తే అసలైన నలుపు రాదు, బురద రంగు వస్తుంది. అందుకే నలుపు నాలుగోది.

జల్లెడ లాంటి స్క్రీన్ పెట్టి బొమ్మను సన్నని చుక్కలుగా విడగొడతారు. ముదురు చోట పెద్ద చుక్క, లేత చోట చిన్న చుక్క. ఒక పడుచు బొమ్మే తీసుకోండి. చెక్కిలికి పసుపు, మెజెంటా చిన్న చుక్కలు. ఆకుపచ్చ చీరకు పసుపు, సియాన్. జడకు నలుపు. దూరం నుంచి మన కన్ను ఆ చుక్కలన్నీ కలిపేసుకుంటుంది. నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా పెదవి రంగు పెదవి దాటిపోతుంది. రిజిస్టర్ తప్పిందంటారు దాన్ని. ఇప్పుడు రంగులు విడదీసే పని కంప్యూటరు చేస్తోంది గాని, సూత్రం అదే. మూడు రంగులతో బొమ్మ అచ్చు వేయవచ్చని జాకబ్ లె బ్లాన్ అనే ఆయన చూపి, 1719లో ఇంగ్లండులో పేటెంటు కూడా పొందారు.

పాపయ్య గారు 1992లో కన్నుమూశారు. ఆయన చేతి చిత్రాన్ని ఎదుట నిలబడి చూసినవారు కొద్దిమందే. మిగతా మనమంతా చూసింది సిరా చుక్కలనే. ఆ చుక్కలు లేకపోతే కశింకోట డ్రాయింగు మాస్టారు ఎవరో మనకు తెలిసేదే కాదు.

నాలుగు ప్లేట్ల ఖర్చు మా శక్తికి మించినది. అందుకే ఈసారి అట్ట ఒకే నల్ల సిరాతో వచ్చింది. భూతద్దం పెట్టి చూడండి. ఫోటోలో వెలుగునీడలన్నీ చుక్కలే.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా మనవి ఒకటే. మీ ఇళ్ళలో పాత చందమామలు, యువలు ఉంటే తూకానికి వేయకండి. మన హాస్టల్ గ్రంథాలయానికి ఇవ్వండి. మన జిల్లా మాస్టారు కుంచె పట్టి ఇంతవాడయ్యాడని వాటిని చూసి మా తమ్ముళ్ళు తెలుసుకుంటారు.