గుగ్లియెల్మో మార్కోనీ: తీగ లేని వార్త

ఆపదలో చిక్కుకున్న మానవునికి అన్నింటికంటె ముందు కావలసినది తన దుస్థితిని మరొకరికి తెలియజేసే సాధనం. ఒకప్పుడు తీరం దాటిన ఓడకు ఆ సాధనం లేదు. నడిసముద్రంలో అది మునిగితే ఆ సంగతి ఒడ్డున ఉన్నవారికి తెలిసేది కాదు. ఈ మౌనాన్ని ఛేదించిన కీర్తి మార్కోనీది. ఆయన సాధించిన విద్యను తెలుగులో నిస్తంత్రి అన్నారు, ఉర్దూలో లాసిల్కీ అన్నారు. రెండు మాటలకూ అర్థం ఒకటే, తీగ లేనిదని.

మార్కోనీ 1874 ఏప్రిల్ 25న ఇటలీలోని బొలోన్యా నగరంలో జన్మించాడు. తండ్రి జుసెప్పె సంపన్న భూస్వామి. తల్లి ఆనీ ఐర్లండు దేశస్థురాలు. బాలుని చదువు చాలవరకు ఇంటి వద్దనే సాగింది. విశ్వవిద్యాలయ పట్టం ఆయనకు లేదు. అయినా బొలోన్యా ఆచార్యుడు రీగి ఉపన్యాసాలు వినే అవకాశం లభించింది. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్ట్జ్ 1888 నాటికే విద్యుదయస్కాంత తరంగాల ఉనికిని నిరూపించాడు. ఆ తరంగాలతో వార్త పంపవచ్చునన్న ఆలోచన మార్కోనీని పట్టుకొని వదలలేదు.

1895లో తమ పల్లెటూరి భవనంలో ఆయన ప్రయోగాలు ఆరంభించాడు. అన్న ఆల్ఫాన్సో గ్రాహక యంత్రంతో కొండ ఆవలికి వెళ్ళాడు. సంకేతం అందగానే తుపాకి పేల్చాలని ఏర్పాటు. తుపాకి మ్రోగింది. కంటికి కనబడని చోటికి కూడా వార్త చేరుతుందని ఆ యువకునికి తేలిపోయింది. 1896లో ఇంగ్లండు చేరి పేటెంటు కోరాడు, మరుసటి ఏడు కంపెనీ స్థాపించాడు. 1901 డిసెంబరు 12న ఇంగ్లండులోని పోల్డూ నుండి పంపిన మూడు చుక్కల సంకేతాన్ని, అట్లాంటిక్ ఆవల న్యూఫౌండ్‌లాండులో, గాలిపటానికి కట్టిన తీగ సహాయంతో విన్నట్లు ప్రకటించాడు. 1909లో ఫెర్డినాండ్ బ్రౌన్‌తో కలిసి నోబెల్ బహుమానం పొందాడు.

అయితే ఈ కీర్తి ఆయన ఒక్కనిదే అనడం న్యాయం కాదు. మన జగదీశ చంద్రబోసు ఆ రోజులలోనే కలకత్తాలో తరంగాలను గోడలు దాటించి, దూరాన గంట మ్రోగించి, తుపాకి మందు పేల్చి చూపాడు. వ్యాపారాపేక్ష లేని ఆ మహనీయుడు పేటెంట్ల వెంట పడలేదు. మార్కోనీకి దానిని పదిమందికి పనికివచ్చే సేవగా మలచే దక్షత ఉంది. ఉత్తరోత్తరా ఆయన ముస్సోలినీ ఫాసిస్టు పక్షంలో చేరడం ఆయన జీవితంలో మాసిపోని మచ్చ.

ఆయన సేవ విలువను సముద్రమే లోకానికి చాటింది. 1909 జనవరిలో రిపబ్లిక్ అనే ఓడ పొగమంచులో మరొక ఓడతో ఢీకొన్నది. వైర్‌లెస్ పిలుపు అందుకొని ఇతర ఓడలు రావడంతో, ఢీకొన్నప్పుడు మరణించిన కొద్దిమంది తప్ప, రెండు ఓడలలోని వారందరూ బ్రతికి బయటపడ్డారు. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మంచుకొండకు ఢీకొని మునిగిపోతూ అదే విధంగా పిలిచింది. చేరువలోనే ఉన్న కాలిఫోర్నియన్ అనే ఓడలో ఏకైక ఆపరేటరు ప్రమాదానికి కొద్ది నిమిషాల ముందే యంత్రం ఆపి నిద్రకు వెళ్ళాడు. దూరాన ఉన్న కార్పేథియా ఆపరేటరు పడుకోబోతూ కూడా చెవి గొట్టాలు తీయనందున ఆ పిలుపు విన్నాడు. ఏడు వందల మందికి పైగా బ్రతికారు, సుమారు పదిహేను వందల మంది జలసమాధి అయ్యారు.

యంత్రం లోపించలేదు, వినే చెవి లోపించింది. ఈ విషాదం నేర్పిన పాఠంతోనే ఓడలలో రాత్రింబవళ్ళు వైర్‌లెస్ వినాలన్న నిబంధనలు ఏర్పడినవి.

విద్యార్థి మిత్రులారా! ఇది గతించిన కథ మాత్రమే కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పుడు విద్యుత్తుతో పాటు సెల్‌ఫోన్లు కూడా మూగపోయాయి. హుద్‌హుద్ అంటే కూకుడు గువ్వ, కథలలో వార్త మోసిన పక్షి. ఆ పేరుగల తుఫానే వార్తలను త్రెంచివేయడం విధి వైపరీత్యం! టవరు కూలితే చేతిలోని ఖరీదైన ఫోను కూడా నిరర్థకమే.

అందుకే నేడు చిన్న రేడియో పెట్టెలు వెలువడుతున్నవి. వీటికి టవరు అక్కరలేదు, ఇంటర్నెట్ అక్కరలేదు. ఫోనులో టైపు చేసిన పొట్టి వార్తను ఒక పెట్టె పంపితే, దానిని విన్న పెట్టె మరొక దానికి అందిస్తుంది, సాధారణంగా మూడు మజిలీల వరకు. భారతదేశంలో 865 నుండి 867 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో, నిర్ణీత శక్తికి లోబడి, లైసెన్సు లేకుండా వీటిని వాడవచ్చును. వీటిలో సంభాషణ సాగదు. ఒక వార్తలో ఆంగ్లాక్షరాలు సుమారు రెండు వందలు పడతాయి. ఒక్కొక్క తెలుగు లేక ఉర్దూ అక్షరానికి అంతకంటె ఎక్కువ చోటు కావాలి గనుక మన మాట మరీ క్లుప్తంగా ఉండాలి. ఎక్కడ ఉన్నాము, ఎందరము, ఏమి కావాలి అన్న మూడు సంగతులు చెప్పడానికి అది చాలును.

కాని పెట్టెలు కొన్నంత మాత్రాన పని తీరదు. ఇరుగుపొరుగులు ముందుగానే వాటిని ఎత్తైన కప్పుల మీద నిలిపి, బ్యాటరీలు నింపి, నెలకొకసారైనా పరీక్షించుకోవాలి. ఒక పెట్టె ఆగితే ఆవలివాని పిలుపు అక్కడే ఆగిపోవచ్చును. వినే బాధ్యత ఇప్పుడు ఒక ఉద్యోగిది కాదు, వాడ మొత్తానిది.

మార్కోనీ 1937 జూలై 20న రోములో కన్నుమూశాడు. ఆయన అంత్యక్రియల దినాన బ్రిటన్‌లోని రేడియో కేంద్రాలు రెండు నిమిషాలు మౌనం పాటించాయి. ఆ మౌనం గౌరవసూచకం. ఆపద వేళ మనం పాటించే మౌనం మాత్రం అపరాధం. మరొకని పిలుపు విని ముందుకు అందించడమే ఆ విద్యకు మనం చేయగల గౌరవం.