మారియో చూ: ముప్పై ఏడేళ్ల జీవితం, బడిలో నిలిచిన యంత్రం

ఇటలీలో కంప్యూటర్ల చరిత్ర చెప్పుకునేవాళ్లు మారియో చూ పేరు తలవకుండా ముందుకు పోరు. మన దేశంలో ఆయన పేరు విన్నవాళ్లు తక్కువ. ఎలక్ట్రానిక్స్‌తో ముప్పై ఏళ్లుగా పొట్టపోసుకుంటున్న నాకు కూడా ఉద్యోగంలో చేరిన చాలాకాలానికి గానీ తెలియలేదు. ఆయన బృందం తయారుచేసిన కంప్యూటరు ఒకటి ఈనాటికీ ఒక బడిలో భద్రంగా ఉంది. మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఇంతకంటే తగిన జీవితకథ నాకు తోచలేదు.

మారియో 1924లో రోమ్ నగరంలో పుట్టారు. తండ్రి అక్కడ పనిచేస్తున్న చైనా దౌత్య ఉద్యోగి. పేరులో సగం ఇటలీ, సగం చైనా. బడి చదువు, ఇంజనీరింగు తొలి పాఠాలు రోమ్‌లోనే సాగాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా వెళ్లి 1947లో వాషింగ్టన్‌లోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టా, 1949లో బ్రూక్లిన్ పాలిటెక్నిక్‌లో మాస్టర్స్ పూర్తిచేశారు. ఆ తర్వాత న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు.

అదే సమయంలో టైప్‌రైటర్లకు పేరుపడ్డ ఒలివెట్టి సంస్థ అధిపతి అడ్రియానో ఒలివెట్టి, ఎలక్ట్రానిక్ యంత్రాలు తయారుచేయగల మనిషి కోసం వెతుకుతున్నారు. న్యూయార్క్‌లో మారియోను కలిసి ఇటలీకి రమ్మన్నారు. అమెరికాలో నిలకడైన అధ్యాపక ఉద్యోగం వదులుకుని, 1955లో మారియో తిరిగి వచ్చేశారు. పీసా నగరం అంచున బార్బరిచీనా అనే చోట ఒక భవనంలో ప్రయోగశాల మొదలైంది. చేరినవాళ్లలో ఎక్కువమంది యువకులే. కంప్యూటరు తయారుచేసిన అనుభవం ఉన్నవాళ్లను వెతికితే దొరకని రోజులవి. నేర్చుకోగలిగిన కుర్రాళ్లను చేర్చుకుని, పనిలోనే నేర్పించుకున్నారు.

1957 నాటికి వాళ్ల మొదటి యంత్రం సిద్ధమైంది. అది వాల్వులతో నడిచేది. మా ఈడువాళ్లకు తాతల నాటి వాల్వు రేడియో గుర్తుండే ఉంటుంది. స్విచ్ వేస్తే వెంటనే పలకదు. లోపల తీగ ఎర్రబడి వేడెక్కాక గానీ గొంతు విప్పదు. ఒక రేడియోలో ఉండేవి అయిదారు వాల్వులు. కంప్యూటరుకు వేలల్లో కావాలి. కరెంటు ఖర్చు, వేడి సరేసరి. ఎక్కడో ఒకటి మాడిపోతే పని ఆగిపోతుంది.

ఇక్కడే మారియో గట్టి నిర్ణయం తీసుకున్నారు. చేతికందిన వాల్వు యంత్రాన్ని అమ్మకానికి పెట్టకుండా, తర్వాతి యంత్రం మొత్తం ట్రాన్సిస్టర్లతోనే ఉండాలన్నారు. అప్పటికి ట్రాన్సిస్టర్ పుట్టి పదేళ్లే. ఖరీదెక్కువ, నమ్మకం తక్కువ. విడిభాగాలకు బయటివాళ్ల మీద ఆధారపడకుండా, అదే 1957లో ఒలివెట్టి మరో కంపెనీ టెలెట్రాతో కలిసి ఎస్.జి.ఎస్. అనే సెమీకండక్టర్ల సంస్థను ప్రారంభించింది. నేటి ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్‌కు మూలాల్లో అది ఒకటి. నేను చేసిన ఎన్నో కంట్రోల్ బోర్డుల మీద ఆ గుర్తున్న చిప్పులే ఉండేవి.

1959లో ఎలియా 9003 లోకానికి కనిపించింది. పూర్తిగా ట్రాన్సిస్టర్లతో నడిచి మార్కెట్లోకి వచ్చిన తొలి కంప్యూటర్ల కోవలోది అది. జ్ఞాపకశక్తి కోసం పూసల్లాంటి ఫెర్రైట్ వలయాలను సన్నని తీగలకు గుచ్చి వలలా అల్లారు. ఒక్కో వలయం ఏ దిశలో అయస్కాంతీకరణ చెందిందన్నదాన్ని బట్టి సున్నా లేదా ఒకటి. మూడు ప్రోగ్రాములను ఒకేసారి నడపగలిగేది. రూపురేఖలు దిద్దినది ఎత్తోరె సొట్‌సాస్. బీరువాల ఎత్తు తగ్గించి, పనిచేసేవాళ్లు వాటి మీదుగా ఒకరినొకరు చూసుకునేలా చేశారు. కేబుళ్లను నేల కింద దాచకుండా పైనుంచి గొట్టాల్లో నడిపించారు. ఆ రూపకల్పనకు ఇటలీలో ప్రతిష్ఠాత్మకమైన కొంపాస్సో ద ఓరో పురస్కారం దక్కింది. తొలి యంత్రాన్ని మార్జోట్టో అనే బట్టల మిల్లు తీసుకుంది. రెండోది సియెనా నగరంలోని మోంతె దెయ్ పాస్కి బ్యాంకుకు వెళ్లింది. మొత్తం తయారైనవి నలభై దాకా ఉంటాయి.

ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. 1960 ఫిబ్రవరిలో అడ్రియానో ఒలివెట్టి రైలు ప్రయాణంలో కన్నుమూశారు. 1961 నవంబరు 9న మిలాన్ నుంచి ఇవ్రేయా వెళుతుండగా జరిగిన కారు ప్రమాదంలో మారియో చనిపోయారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏడేళ్లు. అండగా నిలిచిన యజమాని, దారి చూపిన ఇంజనీరు ఇద్దరూ రెండేళ్లు తిరగకుండానే లేకుండా పోయారు. 1964లో ఆ ఎలక్ట్రానిక్స్ విభాగంలో అధిక వాటా అమెరికాకు చెందిన జనరల్ ఎలక్ట్రిక్ చేతికి వెళ్లింది. ఒలివెట్టిలోనే మిగిలిన చిన్న బృందం మాత్రం పియెర్ జోర్జో పెరొట్టో నాయకత్వంలో 1965లో ప్రోగ్రామా 101 అనే బల్లమీది లెక్కల యంత్రాన్ని తెచ్చి, ఆ విద్య ఊరికే పోలేదని నిరూపించింది.

ఇక బడి సంగతి. బ్యాంకులో పని ముగిశాక ఆ రెండో ఎలియా తుక్కుకు పోలేదు. టస్కనీ ప్రాంతంలో బిబియెనా అనే చిన్న ఊళ్లో ఎన్రికో ఫెర్మీ పేరుతో ఉన్న సాంకేతిక పాఠశాలకు చేరింది. పనిచేసే స్థితిలో మిగిలిన ఎలియా 9003 అదొక్కటేనంటారు. ఇప్పటి చిప్పు లోపల కోట్ల ట్రాన్సిస్టర్లుంటాయి, కంటికి ఒక్కటీ కనపడదు. ఎలియా బోర్డు మీదైతే ఇదిగో ఇది ట్రాన్సిస్టర్, ఇది డయోడ్ అని పిల్లవాడు వేలుపెట్టి చూపించవచ్చు. పెద్ద మ్యూజియంలో అద్దం అవతల ఉన్న వస్తువుకూ, తాము చదివే బడిలోనే ఉన్న వస్తువుకూ ఈ తేడా ఉంది.

మన బడి ఫిజిక్స్ లాబొరేటరీ వెనక గదిలో టాంజెంట్ గాల్వనోమీటరు, పోస్టాఫీసు బాక్సు, వాల్వు రేడియో చాసిస్ ఇంకా ఉన్నాయి. కొత్త భవనంలోకి మారేటప్పుడు పాత సామాను తూకానికి వేసేస్తారని వింటున్నాను. ఈ సంచిక చదివిన మిత్రులను కోరేది ఒక్కటే. అలా వేసేలోగా హెడ్మాస్టరు గారితో మనం మాట్లాడదాం. అద్దాల బీరువా ఖర్చు నేను పెట్టుకుంటాను. తుడిచి, పనిచేయించి, ఏది దేనికి వాడేవారో తెలుగులో చీటీలు రాసి అతికించడానికి నలుగురు ముందుకు వస్తే చాలు.