కత్తిసాములో మేటి హెలెన్ మేయర్

మన సభ్యుల పిల్లలలో ఆటలంటే ఇష్టపడేవారు చాలామంది ఉన్నారు. వారి కొరకు ఈ సంచికలో ఒక క్రీడాకారిణి జీవితాన్ని క్లుప్తంగా వ్రాస్తున్నాము. పెద్దలు కూడా చదివి ఆలోచించవలసిన సంగతి ఇందులో ఉన్నది.

హెలెన్ మేయర్ 1910 డిసెంబరు 20న జర్మనీలో, ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనున్న ఆఫెన్‌బాఖ్‌లో జన్మించింది. తండ్రి యూదు డాక్టరు, తల్లి క్రైస్తవురాలు. ఆమె నేర్చినది ఫాయిల్ అనే తేలికపాటి కత్తితో ఆడే సాము. ఇందులో కత్తి మొన ఎదుటివారి మొండెమునకు తగిలితేనే లెక్క, చేతికి కాలికి తగిలితే లెక్క లేదు. ఆ రోజుల్లో తగిలినట్టు తెలిపే కరెంటు దీపాలు లేవు, న్యాయనిర్ణేతలు కంటితో చూసి చెప్పవలసిందే.

1925లో, 14 ఏళ్ళకే ఆమె జర్మనీ ఛాంపియన్ అయింది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 17 ఏళ్ళ వయసున బంగారు పతకం గెలిచింది. బంగారు రంగు జడలు, తలకు తెల్ల పట్టీ గల ఆ అమ్మాయి పేరు దేశమంతా మారుమ్రోగినది. 1932 లాస్ ఏంజెలెస్ పోటీలలో మాత్రం ఐదవ స్థానమే దక్కింది. ఆ తరువాత చదువు కోసం కాలిఫోర్నియాలోనే ఉండిపోయింది.

1933లో హిట్లర్ అధికారానికి వచ్చాడు. తండ్రి యూదుడన్న కారణంగా, ఆమెను పెంచి పెద్దచేసిన సొంత ఊరి క్లబ్బే ఆమె పేరు కొట్టివేసింది. పతకం తెచ్చినప్పుడు ఎవరూ అడగని వంశం ఇప్పుడు నేరమై కూర్చున్నది! ఆమె ఓక్‌లండ్‌లోని మిల్స్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ బ్రతికింది.

1936 ఒలింపిక్స్ బెర్లిన్‌లో జరగవలసి ఉన్నవి. యూదులను ఆడనివ్వకపోతే మేము రామని అమెరికాలో ఆందోళన లేచింది. అప్పుడు జర్మనీకి హెలెన్ గుర్తుకు వచ్చింది. ఆమెను పిలిపించారు. అదే సమయాన ఎత్తు దుముకులో దేశ రికార్డును అందుకొన్న యూదు యువతి గ్రేటెల్ బెర్గ్‌మాన్‌ను ఆటలకు కొద్దిరోజుల ముందు జట్టు నుండి తీసివేశారు. లోకానికి చూపడానికి ఒకరు చాలుననుకొన్నారు కాబోలు.

హెలెన్‌కు వెండి పతకం వచ్చింది. బంగారం గెలిచిన హంగేరీ వనిత ఇలోనా ఎలెక్ కూడా యూదు వంశజురాలే! పతకం అందుకుంటూ హెలెన్ నాజీ పద్ధతిలో చేయి చాచి వందనం చేసింది. ఆ పని ఎందుకు చేసిందని నేటికీ వాదించుకుంటారు. తల్లి, సోదరులు ఆ దేశంలోనే ఉన్నారన్నది మరువరాదు. మా మట్టుకు మేము ఆ ఆడపిల్లను నిందించే ముందు, ఆమెను ఆ గతికి తెచ్చిన ప్రభుత్వాన్నే నిందిస్తాము.

1937లో పారిస్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. 1934 నుండి 1946 లోపల అమెరికా జాతీయ టైటిల్ 8 సార్లు గెలిచింది. అక్కడి పౌరసత్వమూ పొందింది. 1952లో జర్మనీకి తిరిగి వెళ్ళి పెళ్ళి చేసుకున్నది. 1953 అక్టోబరులో క్యాన్సర్‌తో, 43 ఏళ్ళయినా నిండకుండానే కన్నుమూసింది. 1968లో పశ్చిమ జర్మనీ ఆమె బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది.

పిల్లలారా, చేతిలోని విద్యను ఎవరూ లాక్కోలేరు, పరాయి దేశంలో ఆమెకు అన్నం పెట్టింది అదే. పెద్దలారా, మనిషి ఇజ్జత్ పతకాన్ని బట్టి ఇచ్చేది కాదు. ఓడిపోయిన నాడు కూడా తనవాడే అన్నప్పుడే అది హక్కు అవుతుంది.